జహాజ్ ఎక్కని ఆగమ్మ

చాంద్రాయణగుట్ట చౌరస్తా దాటి కొంచెం ముందుకు పోతే, బండరాళ్ల నడుమ ఒక ఓడ ఆగి ఉండేది. సిమెంటు ఓడ, లోపల హోటల్. ముందుభాగం కోసుగా, కిటికీలు గుండ్రంగా, నెత్తిమీద ఎర్ర రంగు పొగగొట్టం, పక్కన కమ్మరిచేత కొట్టించిన లంగరు. ఓడకు కావలసినవన్నీ ఉన్నాయి, నీళ్లు తప్ప. ఎండాకాలం వస్తే అక్కడి బోరు కూడా నాలుగు చెంబులు పోసి దగ్గేది. గోడ మీద 'జలరాణి' అని పెద్దక్షరాలతో రాయించినా ఆ పేరు ఎవరి నోటా పలకలేదు. డెబ్బై ఎనిమిదో సంవత్సరం నాటికి బస్సు కండక్టర్లు కూడా "జహాజ్, జహాజ్, ఉతర్నా" అని కేకేసేవారు.

దాన్ని కట్టినవాడు మొగులయ్య. జనగామ దిక్కు మనిషి. మీసం రానప్పుడే బొంబాయి పోయి రేవులో బస్తాలు మోశాడు. తిరిగివచ్చి పట్నంలో మేస్త్రీ అయ్యాడు, మేస్త్రీ నుంచి కంట్రాక్టరయ్యాడు. కంచన్‌బాగ్ వైపు ఫ్యాక్టరీలు లేస్తున్న రోజుల్లో గోడల పనులు పట్టి నిలదొక్కుకున్నాడు. చేతిలో నాలుగు డబ్బులు ఆడితే లోకంలో ఎవరైనా మేడ కడతారు, పొలం కొంటారు. ఈయన ఓడ కట్టాడు. మతి చెడిందన్నారు తెలిసినవాళ్లు. తెలిసినవాళ్లకు అన్నీ తెలుస్తాయనుకుంటే అంతకంటే పొరపాటు లేదు.

అసలు సంగతి ఇది. పెళ్లయిన కొత్తలో మొగులయ్య బొంబాయి ముచ్చట్లు చెప్పీ చెప్పీ పెళ్లాం చెవులు హోరెత్తించేవాడు. ఓడంటే ఇంత ఉంటది, ఊరంత ఉంటది, దాంట్లో మెట్లుంటయి, అర్రలుంటయి అని. ఆగమ్మ గడప మీద కూర్చుని నోరు తెరుచుకుని వినేది. ఒకరోజు, "నన్ను ఎక్కిస్తవా?" అని అడిగింది. "ఎక్కిస్త" అన్నాడు. కొత్త పెళ్లికొడుకులు ఏమేమో అంటుంటారు. ఆ మాటలన్నీ నిలబెట్టుకోవాలంటే మగజాతికి కంటిమీద కునుకుండదు. మొగులయ్య మాత్రం ఆ ఒక్క మాటను పట్టుకుని వదల్లేదు. బొంబాయి తీసుకుపోయే తీరిక ముప్పై ఏళ్లలో దొరకలేదు గనక ఓడనే చాంద్రాయణగుట్టకు తెచ్చాడు.

తెచ్చి ఏం లాభం? ఊరంతా ఎక్కింది. ఆగమ్మ ఎక్కలేదు.

ఇందులో తప్పు ఎవరిదని అడిగితే పత్తాలదని, అంటే పేకముక్కలదని చెప్పాలి. హోటల్ తెరిచిన కొత్తలో ఓడను చూడ్డానికి జనం తండోపతండాలుగా వచ్చారు. చూశారు, ఒక చాయ్ తాగారు, పోయారు. చాయ్‌తో ఓడలు నడవవు. అప్పుడు మేనేజరు కృష్ణప్రసాద్ ఒక ఉపాయం చెప్పాడు. ఆయనది తెనాలి. నాటకాల పిచ్చి ఉన్న కుర్రాడు, సర్వర్లకు తెల్ల టోపీలు, నీలం కాలర్లు కుట్టించి నావికుల్లా తిప్పింది ఆయనే. పై అంతస్తులో పచ్చగుడ్డ పరిచిన బల్లలు వేసి పేకాట గది పెడదామన్నాడు. దానికి రిక్రియేషన్ క్లబ్ అని మర్యాదైన పేరు పెట్టాడు. ఫ్యాక్టరీల వాళ్లు, ఆఫీసుల వాళ్లు మెంబర్లుగా చేరారు. ఆనాటినుంచి ఓడ నడిచింది. ఆనాటినుంచే ఆగమ్మ ఆ ఓడ పేరెత్తితే ముఖం తిప్పుకుంది.

"పత్తాలున్న ఇంట్ల నా కాలు వెట్ట. ఒట్టు" అన్నది. ఆగమ్మ ఒట్టు వేయడం తక్కువ. వేస్తే తియ్యదు.

ఆమె కోపానికి కారణం మొగులయ్యకు తెలుసు. తన పెళ్లి పందిట్లోనే చూశాడు. పీటల మీద పిల్లా పిలగాడూ కూర్చున్నారు, బాసింగాలు కట్టారు, కాళ్లు కడగాల్సిన పిల్ల తండ్రి కనబడలేదు. ఊరంతా వెతికారు. ఆయన ఈతచెట్ల కింద పత్తాలాడుతూ, "ఈ ఒక్క ఆట అయిపోని" అని మనుషుల్ని వెనక్కి పంపుతున్నాడు. లగ్గం గడియ దాటిపోయింది. చివరికి మేనమామ వచ్చి కాళ్లు కడిగాడు. తల వంచుకుని కూర్చున్న ఆగమ్మ ఒడిలోని బియ్యం కన్నీళ్లతో తడవడం పక్కనున్న మొగులయ్య ఒక్కడే చూశాడు. అన్నీ తెలిసి కూడా పత్తాల గది పెట్టాడా అంటే, పెట్టాడు. అవసరం అటువంటిది, మనిషి కూడా అటువంటివాడే.

ఇంట గెలిచి రచ్చ గెలవమన్నారు. మొగులయ్య రచ్చ గెలిచి ఇంట ఓడిన మనిషి. రోజూ సాయంత్రం హుస్సేనీ ఆలంలోని ఇంటికి వచ్చి, అన్నం ముందు కూర్చుని, ఆగమ్మ ఇవాళైనా "జహాజ్ ఎట్లున్నది?" అని అడుగుతుందేమోనని ఎదురు చూసేవాడు. ఆమె పప్పులో ఉప్పు సరిపోయిందా అని అడిగేది.

ఇట్లా ఉండగా కృష్ణప్రసాద్ మరో ఉపాయంతో వచ్చాడు. "శనివారం శనివారం ఒక ప్రోగ్రాం పెడదామండీ. పెద్ద పెద్ద హోటళ్లలో ఇప్పుడు ఇదేనంట. కింద హాల్లో స్టేజీ ఎటూ ఉంది. ఆదివారం మధ్యాహ్నం నలుగురిని పిలిచి, తలా పది నిమిషాలు చేయించి చూద్దాం. బాగున్నది ఖాయం చేద్దాం" అన్నాడు.

మొగులయ్యకు ప్రాణం లేచివచ్చింది. కృష్ణప్రసాద్ లెక్క గిరాకీది. మొగులయ్య లెక్క వేరు. ఆగమ్మ కాళ్లను ఆ మెట్లు ఎక్కించగల ఆట ఏది? అదే ఖాయం చేయాలి. ఒట్టూ గిట్టూ అన్నీ ఆటపాట ముందు కరగక మానవనుకున్నాడు. ఆ రాత్రి అన్నం కలుపుతూ, ఏమీ ఎరగనట్టు, "ఆడోళ్లు ఏం ఆటలు ఇష్టంగ జూస్తరే?" అని అడిగాడు.

"ఏ ఆడోళ్లు?" అంది ఆగమ్మ.

"ఏ ఆడోళ్లంటె... ఆడోళ్లు."

"నాకేం ఎరుక, గా ఆడోళ్లనే అడుగు" అని చారు పోసింది. అడగవలసిన మనిషిని సూటిగా అడగడం చేతగాక మొగులయ్య తనకు తానే ఆలోచించుకున్నాడు. చిన్నప్పుడు ఆగమ్మ ఒగ్గు కథంటే పడి చచ్చేదని, మల్లన్న కథ చెప్తున్నారని తెలిస్తే పక్కూరికైనా నడిచిపోయేదని అత్త చెప్పిన మాట గుర్తొచ్చింది. ఇంకేం, జనగామకు కబురు పంపి ఓదెలును రప్పించాడు. ఓదెలు తాతలనాటి నుంచి మల్లన్న కథ చెప్పే ఒగ్గు పూజారి. గొంతెత్తితే మైకు సిగ్గుపడాలి.

ఆదివారం వచ్చింది. మొదట నలుగురు కుర్రాళ్ల ఆర్కెస్ట్రా. ఒకడు అకార్డియన్ వాయించాడు, ఒక పిల్ల రెండు సినిమా పాటలు పాడింది. కృష్ణప్రసాద్ చేతులు నొప్పి పుట్టేలా చప్పట్లు కొట్టాడు. తర్వాత ఒక మ్యాజిక్కాయన. నల్లకోటు మోచేతుల దగ్గర వెలిసిపోయింది. నిప్పు మింగాడు, చెవిలోంచి గుడ్డు తీశాడు, ఆ గుడ్డు చేయి జారి నేలమీద పడి పగిలింది. మొగులయ్య ముక్కు ముడుచుకున్నాడు. సర్వరు వచ్చి గుడ్డతో తుడిచాడు.

తర్వాతి వంతు ఓదెలుది. తోడు మనుషులు డోళ్లు దించుకుంటుండగా కృష్ణప్రసాద్ మొగులయ్య చెవిలో, "వీళ్లు డప్పులు కొట్టి పోతారాండీ? స్టేజీ నిండుగా ఏమన్నా ఉండొద్దూ? ఆర్కెస్ట్రా వాళ్లను చూశాక ఇది మరీ వెలవెలబోతుందేమో" అన్నాడు. కుర్రాడు కడుపులో ఏమీ పెట్టుకుని అనలేదు. కానీ మొగులయ్యకు అది ఎక్కడో తగిలింది.

ఓదెలు బుద్ధిమంతుడు. "బాపూ, జరసేపు డోలు గొట్టి రెండు ముచ్చట్లు జెప్తం. నచ్చితె శనివారం మంచిగ జేద్దాం" అన్నాడు.

"డోలు ఎవడన్న గొడ్తడు. పట్నం ఎయ్యి" అన్నాడు మొగులయ్య.

ఓదెలు ఆగిపోయాడు. పట్నమంటే మల్లన్న కోసం నేలమీద రంగుల పొడులతో వేసే ముగ్గు. అది వేశాక దేవుణ్ణి పిలవాలి. పిలిచాక మేడలమ్మతో లగ్గం చేసి గాని పంపకూడదు. "బాపూ, గిది నమూనా జూపెట్టేటిది గాదు. దేవుడొచ్చి కూసున్నంక పది నిమిషాలైనయి, లేచిపో అనరాదు. నీకెరుకలేదా?"

"నాకు జెప్తవా? మా తాత కొమురెల్లి మల్లన్న గుడికి నడిచిపోయి వచ్చినోడు. ఎయ్యి అంటున్న గద!"

కృష్ణప్రసాద్ ముందు తనవాళ్ల ఆట చిన్నబోకూడదన్న పంతం తప్ప ఆ మాటలో మరేమీ లేదు. పంతం నెత్తికెక్కినప్పుడు మనిషికి సగమే గుర్తుంటుంది. దేవుడి లగ్గం చేయాలన్నది మొగులయ్యకు గుర్తుంది. ఆ లగ్గానికి ఇంకేం కావాలన్నది గుర్తులేదు.

ఓదెలు నేలమీద కూర్చున్నాడు. పసుపు, కుంకుమ, బియ్యప్పిండి, ఎండుటాకుల పచ్చపొడి. పిడికిట్లోంచి సన్నగా జారుతున్న పొడి వెంట గీతలు, గళ్లు, కోటలు లేచాయి. పది నిమిషాలు అయిపోయాయి, ఇరవై అయిపోయాయి. కృష్ణప్రసాద్ మొదట గడియారం చూసుకున్నాడు, తర్వాత చూసుకోవడం మరిచిపోయి ముగ్గు పక్కన గొంతుక్కూర్చున్నాడు. "అబ్బ, ఏం డిజైనండీ" అన్నాడు. పట్నం పూర్తయింది. డోళ్లు మోగాయి. ఓదెలు మల్లన్నను పిలిచాడు. హాలు హాలంతా గల్లుమంది.

పిలవడం అయ్యాక ఓదెలు తలెత్తి పైకప్పు వైపు చూశాడు. పైనుంచి కుర్చీలు జరుపుతున్న చప్పుడు, నవ్వులు.

"పైన ఏంది లొల్లి?"

"పత్తాలాడుతున్నరు" అన్నాడు మొగులయ్య, గొంతు తగ్గించి.

"దేవుని నెత్తిమీద పత్తాలా?"

ఈ మాట ఎవరు మోసుకుపోయారో గాని క్షణంలో పైకి చేరింది. పేకాటరాయుళ్లకు పోలీసులంటే భయం లేకపోవచ్చు గాని దేవుళ్లంటే ఉంటుంది. చెయ్యి తిరగాలని రోజుకో మొక్కు మొక్కేవాళ్లు, మల్లన్నతో పేచీ పెట్టుకుంటారా? ఒక్కొక్కరే ముక్కలు బల్లమీద బోర్లించి దిగివచ్చారు. అందరికంటే ముందు ఇశ్రాయేలు. ఫ్యాక్టరీలో లేతు మీద పనిచేస్తాడు, ఆదివారం పొద్దున చర్చి, మధ్యాహ్నం పేక. "నా దేవుడు వేరే గావచ్చు అన్నా. అయినా ఒక దేవుడు కింద కూసుంటె నెత్తిమీద జోకర్ తిప్పుడు మర్యాద గాదు" అని చెప్పులు విడిచి నేలమీద చతికిలబడ్డాడు. మిగతావాళ్లూ అంతే.

మొగులయ్య ఛాతీ ఉబ్బింది. ఆర్కెస్ట్రాకు దిగిరాని మనుషులు ఒగ్గు కథకు దిగివచ్చారు. చూశావా అన్నట్టు కృష్ణప్రసాద్ వైపు చూశాడు. ఆ చూపు పూర్తికాకముందే ఓదెలు గొంగడి పరిచాడు.

"దా బాపూ, కూసో. అమ్మను గూడ పిలువు."

"ఏ అమ్మను?"

"ఏ అమ్మ ఏంది? మా అమ్మను. ఆగమ్మను. కథ పెట్టించిన ఇంటి ఆలుమగలు గొంగడి మీద జంటగ కూసుంటెనే గద లగ్గం నడిచేది? తలంబ్రాలు ఎవరు వోస్తరు?"

మొగులయ్యకు తాత కొమురెల్లి నడిచిపోయిన సంగతి గుర్తుంది గాని ఈ సంగతి ఎట్లా మరిచాడో ఆ మల్లన్నకే తెలియాలి. యాభై జతల కళ్లు తనవైపే చూస్తున్నాయి.

"ఆమె రాదు ఓదెలూ."

"రాకుంటె ఎట్ల? దేవుడు వచ్చి కూసున్నడు."

కృష్ణప్రసాద్‌కు జాలేసింది. "పోనీ ఇంకెవరినైనా పక్కన కూర్చోబెడితే సరిపోదాండీ? మా నాటకాల్లో ఆడవేషం రాకపోతే మేం అలాగే చేస్తాం" అన్నాడు. ఓదెలు నవ్వాడు. ఇశ్రాయేలు ఇంకా గట్టిగా నవ్వాడు. మొగులయ్యకు నవ్వు రాలేదు. ఇది ఆట కాదు, ఇంటి కొరత నలుగురిలో పడడం. దానికంటే పెద్ద బాధ ఇంకొకటి. ఆగమ్మను బుజ్జగించి, మనసు కరిగించి, ఆమె ఇష్టపడి ఎక్కాలని ఏడాదిన్నరగా చూస్తున్నాడు. ఇప్పుడు దేవుణ్ణి అడ్డం పెట్టుకుని లాక్కొచ్చినట్టవుతుంది. వస్తే జన్మంతా ఆ మాట ఉంటుంది. రాకపోతే ఇక ఎన్నటికీ రాదు.

"కథ ఎంతసేపు ఆపుతవ్?" అని అడిగాడు.

"ఆపుడెందుకు? సాగదీస్త. మేడలమ్మకు చీర గట్టిచ్చేటందుకే నాకు జాము వడ్తది. నువ్వు పోయి రా" అని ఓదెలు డోలు వైపు తిరిగాడు.

ఆటో అలియాబాద్ దాటింది, శాలిబండ దాటింది. దారి పొడుగునా మొగులయ్య మాటలు కూర్చుకున్నాడు. కడుపునొప్పి అని చెప్దామా? హోటల్లో కిందపడ్డానని? చార్మినార్ కనబడేసరికి కూర్చుకున్నవన్నీ చెదిరిపోయాయి. ఇల్లు చేరేసరికి ఆగమ్మ చాప మీద కాళ్లు చాపుకుని చింతపండులో గింజలు తీస్తున్నది.

"గిప్పుడు వచ్చినవేంది? పెయ్యి బాగలేదా?"

మొగులయ్య గడపలోనే కూలబడ్డాడు. జరిగిందంతా జరిగినట్టు చెప్పాడు. కృష్ణప్రసాద్ అన్న మాట, తన పంతం, పట్నం, గొంగడి, ఏదీ దాచలేదు. ఆమె గింజలు తీస్తూనే వింది.

"దేవుని అడ్డం వెట్టుకొని నన్ను ఎక్కియ్యాలని జూస్తున్నవా?"

"లేదే. నీ మీద ఒట్టు. నిన్ను రప్పియ్యాలనే ఓదెలును విలిచిన, గది నిజమే. శనివారం ఆట వెడితె నువ్వే వస్తవనుకున్న. గని గీ పట్నం మాత్రం నా పొగరు. నేను జేసిన తప్పే. నువ్వు రాకుంటె నేనే దేవుని కాళ్ల మీద వడి తప్పు ఒప్పుకుంట, ఎట్లనో ఒగట్ల జేస్త. నీకు చెప్పకుండ ఉండబుద్ధి గాలె, గందుకే వచ్చిన."

ఆగమ్మ కత్తిపీట పక్కకు జరిపింది. పక్కింటి రేడియోలో ఎవరో ఏదో పాడుతున్నారు.

"మేడలమ్మను పీట మీద కూసోవెట్టిండ్రా?"

"కూసోవెట్టేటందుకు చీర గడుతున్నరు."

"ఆమె గూడ నా లెక్కనే కూసోని తొవ్వ సూస్తదా ఇప్పుడు?" అంది ఆగమ్మ. "నేను జూసిన. పందిట్ల మంది గుసగుసలు వెడుతుంటె తల దించుకొని కూసున్న. ఆ కూసునుడు ఎట్లుంటదో నీకు దెల్వది, మొగోనివి. నా పగోనికి గూడ వద్దు అది. దేవునికెట్ల పెడ్త?"

లేచింది. ముఖం కడుక్కుంది. పెట్టెలోంచి పట్టుచీర తీసింది, పసుపు, కుంకుమ, కొత్త రవికెగుడ్డ, ఒడిబియ్యం అన్నీ పళ్లెంలో సర్దింది. మొగులయ్య గుడ్లప్పగించి చూస్తున్నాడు. "లెవ్వు మరి, ఇక్కడనే కూసుంటవా?" అని కసిరితే గాని కదల్లేదు.

ఆటోలో ఆమె పళ్లెం ఒడిలో పట్టుకుని కూర్చుంది. చాంద్రాయణగుట్టలో దిగి, తలెత్తి ఓడను కిందినుంచి పైదాకా చూసింది. లోపలినుంచి డోలు వినబడుతున్నది, ఓదెలు చీర కుచ్చిళ్ల మీద ఉన్నాడు. ఆగమ్మ మొదటి మెట్టు దాకా వచ్చి ఆగింది.

"పత్తాలు యాడున్నయి?"

"పైన. ఎవ్వరు ఆడుతలేరు."

"ఆడుతలేరు, గని ఉన్నయి గద. దేవుడు దేవుడే, ఒట్టు ఒట్టే. అవి బయటికి వస్తెనే నేను లోపటికి వస్త."

మొగులయ్య నోరు తెరిచేలోపే గుమ్మంలో నిలబడ్డ ఇశ్రాయేలు లోపలికి తిరిగి కేకేశాడు. "అరే భాయ్, అందరు లేవుర్రి! వదినమ్మ కాలు బయటనే ఉన్నది!" ఏడాదిన్నరగా ఆ బల్లల దగ్గర పాతుకుపోయిన మనుషులు ఒక్క ఉదుటున పైకి పరుగెత్తారు. పేక కట్టలు టవళ్లలో మూటగట్టి తెచ్చారు. అవి చాలవేమోనని పచ్చగుడ్డ బల్లలు కూడా మోసుకువచ్చి రోడ్డవతల బండమీద పెట్టారు. బస్సాగితే బస్సులోని జనం కిటికీల్లోంచి తొంగిచూశారు. జహాజ్ మునుగుతోందా ఏమిటని ఎవరో అడిగారు కూడా.

"అన్నీ అయినయా?" అంది ఆగమ్మ.

"అయినయి వదినమ్మా."

ఆగమ్మ చూపు పక్కనే వినయంగా నిలబడ్డ కృష్ణప్రసాద్ చొక్కాజేబు మీద ఆగింది. జేబు ఎత్తుగా ఉంది. కుర్రాడి ముఖం కందగడ్డయింది. "ఒక్కణ్ణే పేర్చుకుంటానండీ, తోచనప్పుడు" అని గొణిగి, జేబులోని కట్ట తీసి రోడ్డు దాటి బండమీద పెట్టి వచ్చాడు.

అప్పుడు ఆగమ్మ కుడికాలు మెట్టు మీద పెట్టింది. పళ్లెం ఒక చేత్తో పట్టుకుని, రెండో చెయ్యి సాయానికి చాచింది. మొగులయ్య ఆ చెయ్యి పట్టుకున్నాడు. బొంబాయి రేవులో దొరసానులు చెయ్యి ఊతం తీసుకుని ఓడెక్కుతుంటే, బస్తా కిందినుంచి చూసి, ఒకరోజు నేనూ ఇట్లా చెయ్యిస్తానని అనుకున్న పద్దెనిమిదేళ్ల పిలగాడికి ఆ క్షణాన కళ్లు నిండాయి. తుడుచుకోవడానికి చెయ్యి ఖాళీ లేదు.

జంటగా గొంగడి మీద కూర్చున్నారు. మేడలమ్మ పీటమీదికి వచ్చింది. ఆగమ్మ ఒడిబియ్యం పెట్టింది, రవికెగుడ్డ పెట్టింది, దోసిలి నిండా తలంబ్రాలు పోసింది. ఓదెలు ఆ పూట పాడిన పాట ముందెన్నడూ పాడలేదని అతని మనుషులే అన్నారు. నేలమీద కూర్చున్న పేకాటరాయుళ్లు పెళ్లికి వచ్చిన చుట్టాల్లా అక్షింతలు చల్లారు. లగ్గం గడియ దాటకుండానే అయింది.

పొద్దు గుంకేవేళ మొగులయ్య ఆమెను పైకి, అన్నిటికంటే పైకి, పొగగొట్టం పక్కనున్న డాబా మీదికి తీసుకుపోయాడు. ఇనుప కడ్డీలు పట్టుకుని నిలబడ్డారు. కింద బండలు, వాటి మీద మేకలు, దూరంగా గుట్టమీద ఫలక్‌నుమా. గాలి బాగా వీస్తున్నది.

"ఎట్లున్నది?" అని అడిగాడు. ఈ ఒక్క మాట అడగడానికి ఓడ కట్టాల్సి వచ్చింది.

"గాలి మంచిగున్నది" అంది ఆగమ్మ. కొంచెం ఆగి, "మస్తున్నది" అంది.

కృష్ణప్రసాద్ మెట్లెక్కి వచ్చాడు. "శనివారానికి మరి ఒగ్గు కథే ఖాయం చేసేదాండీ?"

"ఇంకేందయ్యా, గదే" అన్నాడు మొగులయ్య.

"వారం వారం దేవునికి లగ్గం జేస్తరా ఎవరన్న?" అంది ఆగమ్మ. "ఏడాదికోసారి జేస్తం, ముచ్చటగ. ఇయ్యాల ఇంక ఎవరొచ్చిండ్రు?"

ఆర్కెస్ట్రా సంగతి చెప్పాడు కృష్ణప్రసాద్. నల్లకోటు ఆయన సంగతి కూడా చెప్పాడు. నిప్పు మింగడం, గుడ్డు తీయడం, అది పడి పగలడం. ఆగమ్మ నోటికి చెంగు అడ్డం పెట్టుకుని నవ్వింది. నవ్వి నవ్వి కళ్లు తుడుచుకుంది.

"నాకు గాయన గావాలె."

మొగులయ్య తెల్లబోయాడు. "నీకు కనికట్టు ఇష్టమా? నీకు ఒగ్గు కథ గద ఇష్టం, మీ అమ్మ జెప్పింది!"

"మా అమ్మను అడిగినవ్ గని నన్ను అడిగినవా? ఒగ్గు కథకు పోతె దారిల గారడోళ్లు గనవడేది. గందుకు పోయేదాన్ని."

ముప్పై ఏళ్ల కాపురం. మొగులయ్య కడ్డీ మీద చెయ్యి వేసుకుని అట్లాగే నిలబడిపోయాడు.

కృష్ణప్రసాద్ ఇంకా పోలేదు. గొంతు సవరించుకున్నాడు. "ఆ బల్లలు... పైకి ఎక్కించమంటారాండీ? మంచు పడితే గుడ్డ పాడవుతుంది. మెంబర్లు కూడా కిందే ఉన్నారు."

ఎక్కించమంటే పక్కనున్న మనిషి దిగిపోతుంది. వద్దంటే ఓడ ఆగిపోతుంది. ఆగమ్మ వైపు చూసే ధైర్యం చాలక మొగులయ్య మేకల వైపు చూశాడు.

"నేనుండంగ ఎట్లెక్కిస్తరు నాయనా?" అంది ఆగమ్మ, మెల్లగా.

"ఇవాళ సరేనమ్మగారూ. రేపు?"

"రేపు గూడ వస్త."

"ఎల్లుండి?"

"ఎల్లుండి గూడ. జహాజ్ ఎక్కిస్తనని పెండ్లయినప్పుడు చెప్పి, నా కోసమే గిది కట్టిండు ఈయన. నా జహాజ్‌కు నేను రోజు రావొద్దా?"

కిందినుంచి ఇశ్రాయేలు నవ్వు వినబడింది. వింటున్నాడన్నమాట. "అన్నా, ఫికర్ జెయ్యకు! మా ఇంటామె సుందరమ్మ గూడ ఇన్నొద్దులు గీ పత్తాల మూలంగనే రాలె. గుడ్డు పలగ్గొట్టేటాయన వస్తె పిల్లలందరిని ఏసుకొని వస్తది. మా కాలనీ ఆడోళ్లందరు వస్తరు. మమ్ముల గుంజుకొని వస్తరు!"

మొగులయ్య నవ్వాడు. నష్టం రావచ్చు. రానీ. "కృష్ణప్రసాద్, ఆ పచ్చగుడ్డలు పీకెయ్యి. తెల్లగుడ్డలు వరిచి కింద తిండికాడ ఎయ్యి బల్లలు. ఆ మ్యాజిక్కాయనకు కబురు వంపు" అన్నాడు. కుర్రాడు రెండేసి మెట్లు దిగుతూ పోయాడు.

చీకటి పడింది. చౌరస్తా దిక్కు దీపాలు ఒకటొకటే వెలిగాయి. ఆగమ్మ చల్లగాలికి చెంగు భుజాల చుట్టూ కప్పుకుని, ఆ చివరనుంచి ఈ చివరిదాకా కడ్డీలు తడుముకుంటూ ఒకసారి నడిచింది. వచ్చి మళ్లీ మొగులయ్య పక్కన నిలబడింది.

"రేపు పొద్దుగాలనే తోలుకరా" అంది. "చీకట్ల నా జహాజ్ నాకు సక్కగ గనవడ్తలేదు."